ఇల్లు–ఇంపు: స్టాక్‌హోమ్ తెలుపు, చెన్నై ఎండ

ఈ నెల ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒక చోటికే చేరాయి. ఫోనులో ఏదో దేశపు గది చూశాం, మనసు పడ్డాం, చెన్నైలో మా ఇంటికి తెచ్చుకోవచ్చా అని. పశ్చిమ మాంబళంలో నేను ఇళ్లకు లోపలి అలంకరణ చేసే పని మొదలుపెట్టి 27 ఏళ్లయింది. ఆ గదుల మీద ఇష్టాన్ని నేనెప్పుడూ తప్పు పట్టలేదు, అది నాకూ ఉంది. అయితే ఎవరు ఏ ఫోటో చూపించినా మొదట ఒకటే అడుగుతాను: ఈ గది కిటికీ ఏ ఎండలోకి తెరుచుకుంటుంది?

ప్రశ్న: మూడో అంతస్తులో 1,050 చదరపు అడుగుల ఫ్లాటు కొన్నాం. స్కాండినేవియన్ పద్ధతి నచ్చి గోడలు, సీలింగు, టీవీ బల్ల, వంటింటి అరలు అన్నీ మెరిసే తెలుపు చేయించాం. హాలు పడమటి ముఖం. మధ్యాహ్నం మూడు దాటితే కళ్లు చికిలించకుండా కూర్చోలేకపోతున్నాం. రాత్రిపూట ఆసుపత్రిలా ఉందని మా అత్తగారు అంటున్నారు. మళ్లీ ఇల్లంతా రంగులు వేయించే స్తోమత ఇప్పుడు లేదు. పైన్ చెక్క మంచం కూడా ఒకటి కొందామనుకుంటున్నాం.
— ఒక పాఠకురాలు, వలసరవాక్కం

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట నిజమే. ఆవిడ బాధకు కారణం మీ దీపాలు. అక్కడికి తరువాత వస్తాను, ముందు మధ్యాహ్నం సంగతి చూద్దాం.

స్కాండినేవియా దేశమైన స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో అక్కడ పగలు ఆరు గంటలే. సూర్యుడు ఆకాశం అంచునే కాస్త పాకి దిగిపోతాడు. దొరికిన ఆ కొద్ది వెలుగును గోడ నుంచి గోడకు అందించి, గది లోపలి మూల దాకా చేర్చడానికి వాళ్లు తెలుపును పట్టుకున్నారు. లేతరంగు బిర్చి, పైన్ చెక్కలు వాడిందీ అందుకే, పైగా అవి వాళ్ల అడవుల్లో పెరిగేవి. మన చెన్నై 13 డిగ్రీల మీద ఉంది. ఏడాదిలో అతి చిన్న పగలు కూడా మనకు పదకొండు గంటలు దాటుతుంది. వెలుగు కోసం కరువు పడినవాళ్ల ఉపాయాన్ని మీరు పడమటి ఎండకు ఎదురుగా నిలబెట్టారు. దాని మీద మెరుపు పూత పడేసరికి గోడ అద్దంలా పనిచేస్తోంది.

డబ్బు ఎక్కువ కాని పనితో మొదలుపెడదాం. ఎండను కిటికీ అద్దానికి బయటే ఆపాలి. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి ఎంత మందపు కర్టెన్ వేసినా గదిలోనే ఉండిపోతుంది. బాల్కనీ కప్పు నుంచి వెదురు తడిక వేలాడదీయండి, చుట్టి పైకి కట్టుకునే రకం. రెండు గంటలకు దించి, ఆరింటికి ఎత్తేయండి. వట్టివేళ్ల తడక కూడా బాగుంటుంది కానీ, తడిపితే హైదరాబాదులో వచ్చినంత చల్లదనం ఇక్కడ రాదు. మన గాలిలో తేమ ఇప్పటికే నిండుగా ఉంటుంది, ఇంకా ఎక్కడ పడుతుంది? వాసన కోసం అయితే వేసుకోండి.

తరువాత, ఎండ నేరుగా పడే ఆ ఒక్క గోడకు మెరుపు లేని రంగు వేయించండి. మజ్జిగ తెలుపు గానీ, లేత చందనపు ఛాయ గానీ. ఒక గోడకు నాలుగు లీటర్ల డబ్బా సరిపోతుంది. అరల తలుపులు మార్చకండి, వాటి మీద ఎండ పడటం మానేస్తే అవి మిమ్మల్ని బాధించవు.

ఇక రాత్రి సంగతి. మీరు పంపిన ఫోటోలో సీలింగులో తెల్లటి ఎల్.ఇ.డి. పలకలు ఆరు ఉన్నాయి. ఆ ఉత్తర దేశాల ఇళ్లలో సాయంత్రం దీపాన్ని అలా పెట్టరు. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అనే ఆయన 1920లలో దీపాల మీద పని మొదలుపెట్టి దశాబ్దాల పాటు చేశారు. బల్బు కంటికి నేరుగా కనిపించకూడదు, వెలుగు రేకుల మీద పడి మెత్తబడి కిందికి రావాలి అన్నది ఆయన పట్టుదల. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 దీపం ఈనాటికీ అక్కడి భోజనాల బల్లల మీద తక్కువ ఎత్తులో వేలాడుతుంది. స్కాండినేవియా నుంచి మనం కళ్లకద్దుకుని తెచ్చుకోవలసింది అది. సీలింగు పలకల్లో నాలుగింటిని ఆపేయండి. గుడ్డ తొడుగు గానీ తాటాకు తొడుగు గానీ ఉన్న దీపాలు మూడు, కూర్చున్న మనిషి భుజం ఎత్తులో పెట్టండి. డబ్బా మీద 2,700 కెల్విన్ అని ఉన్న బల్బు, అంటే పసుపు ఛాయ వెలుగు ఇచ్చేది, అడిగి తీసుకోండి. మొదటి దీపం మీ అత్తగారు కూర్చునే కుర్చీ పక్కన ఉండాలి.

పైన్ మంచం మాత్రం వద్దు. శుద్ధి చేయని పైన్ మన చెదలకు రెండేళ్ల భోజనం. శుద్ధి చేసిన రబ్బరు చెక్కకు కూడా ఆ లేత రంగే ఉంటుంది. తాహతు ఉంటే టేకు.

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. అక్కడి పల్లెటూరి ఇళ్ల ఫోటోలు పంపి, మన పడకగదికి కూడా అలాంటి పూల కర్టెన్లు, కుర్చీలకు పూల గుడ్డ వేయించమంటోంది. దిగుమతి గుడ్డ మీటరు 4,000 రూపాయలు చెప్పారు. నా పెట్టెలో మా అమ్మ ఇచ్చిన పెడన కలంకారీ దుప్పటి ఉంది. పూలతీగల అంచు, నలభై ఏళ్ల నాటిది. ఆ ఇంగ్లిష్ గదిలో అది నప్పదు కదా, ఎవరికైనా ఇచ్చేయనా?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఇవ్వకండి. మీ ఉత్తరం చదివి నేను కాసేపు మరో పని చేయలేకపోయాను. మీ అమ్మాయి ముచ్చటపడిన ఆ గదికి పుట్టిల్లు మీ పెట్టెలోనే ఉంది.

ఆ పూలగుడ్డను ఇంగ్లిష్‌వాళ్లు చింట్జ్ అంటారు. ఆ మాట మన దేశపు ఛీంట్ నుంచి వెళ్లింది. తెలుగులో పెద్దలు చీటిగుడ్డ అన్నది దాన్నే. డచ్చివాళ్లూ, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీవాళ్లూ మచిలీపట్నంలో దిగింది మన తీరపు బట్ట కోసం. మొదట్లో దాన్ని తూర్పు దీవులకు తీసుకెళ్లి మిరియాలకు, లవంగాలకు మారకం వేసేవాళ్లు. తరువాత ఇంటికి తీసుకెళ్లారు, ఇక అక్కడ దాని మీద పిచ్చి పట్టింది. నూలు గుడ్డ మీద ఉతుకులకు చెదరని రంగు నిలిపే విద్య అప్పటికి వాళ్లకు లేదు. మన అద్దకం ఎన్నిసార్లు ఉతికినా నిలిచింది, ఉతికేకొద్దీ తేటపడింది.

అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ బట్టను నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో దిగుమతికి కళ్లెం వేసింది, అది చాలక 1721లో ఒంటి మీద కట్టుకోవడాన్నీ ఇంట్లో పరుపులకు, కుర్చీలకు వాడటాన్నీ కూడా చట్టం పెట్టి ఆపింది. 1774 దాకా అది నడిచింది. పడకగది గుడ్డ కోసం ఒక దేశం చట్టసభ కూర్చుందంటే ఆ గుడ్డ ఎంత అందంగా ఉండి ఉండాలో ఆలోచించండి. ఫ్రాన్స్‌లో నిషేధం ఎత్తేసిన మరుసటి ఏడే ఒబెర్‌కాంఫ్ అనే ఆయన జూయీ అనే ఊళ్లో అద్దకం కార్ఖానా పెట్టారు. ఈనాడు ఖరీదైన దుకాణాల్లో జూయీ పేరుతో దొరికే బొమ్మల గుడ్డకు మూలం ఆ కార్ఖానా.

ఆ పువ్వు ఒక్క దేశం సొత్తు కాదని కూడా చెప్పాలి. కొనేవాళ్లు నమూనాలు పంపేవారు, పూల వెనక గుడ్డ తెల్లగా కావాలని అడిగేవారు. మన చిత్రకారులకు పర్షియా కొమ్మలూ తెలుసు, చైనా బొమ్మల్లోని రాళ్లగుట్టలూ తెలుసు. అవన్నీ కలిసి రాతిగుట్ట మీద లేచిన ఒక పెద్ద పూలచెట్టు అయ్యాయి. పలంపోర్ అని వాళ్లు పిలిచిన పడక గుడ్డల మీద ఆ చెట్టు సముద్రాలు దాటింది. మంచం మీద కప్పే గుడ్డ అని అర్థమిచ్చే పలంగ్‌పోష్ అన్న మాటే వాళ్ల నోట అలా మారింది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అవి ఉన్నాయి. మీ అమ్మాయిని ఒక ఆదివారం వెళ్లి చూడమనండి. ఇంటికి వచ్చాక మీ దుప్పటి ఫోటో పంపండి. ఆ గొప్ప పలంపోర్లు కలంతో చేత్తో గీసినవి, మీది అచ్చు అద్దినది. అయినా వంశం ఒకటే.

నేను పుట్టింది గుడివాడలో. పెడనలో మా పెద్దమ్మ ఇంటికి వెళితే వీధి మలుపులోనే కరక్కాయ, గేదె పాలు కలిపి నానబెట్టిన గుడ్డ వాసన వచ్చేది. అది మంచి వాసన అనలేను, కానీ ఇప్పటికీ ఎక్కడ తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి. టేకు దిమ్మను రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో గుద్దేవారు. ఆ చప్పుడు ఇంటింటా ఒకే వరసలో వినిపించేది. నలుపు కోసం బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము వేసి పులియబెట్టేవారు. ఎరుపు పడవలసిన చోట ముందు పటిక అద్దేవారు, అప్పుడు అక్కడ ఏమీ కనిపించేది కాదు. గుడ్డను రాగి బానలో రంగునీళ్లతో ఉడికించి తీస్తే పటిక తగిలిన చోటల్లా ఎరుపు పైకి లేచేది. పాత రోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది, కృష్ణా డెల్టా తీరపు ఇసుక నేలల్లో దొరికే సన్నటి వేరు అది. తరువాత కాలవలో, పారే నీటిలో ఉతుకు. నిలవ నీటిలో ఉతికితే రంగు పక్కకు అంటుతుంది.

ఇప్పుడు మీ గది. దుప్పటిని కత్తిరించకండి, కుర్చీలకు కుట్టించకండి. పైఅంచు వెనక నూలు గుడ్డతో గొట్టంలా కుట్టించి, అందులో టేకు కర్ర దూర్చి, మంచం తలవైపు గోడకు వేలాడదీయండి. ఎండ తగలని గోడ కావాలి, సహజ రంగుకు పెద్ద శత్రువు ఎండ. కర్టెన్లకు కొత్త పెడన గుడ్డ కొనండి, వెనక తెల్ల నూలు అస్తరు వేయించండి. కలంకారీ పేరుతో బజారులో స్క్రీన్ ప్రింటు చాలా దొరుకుతుంది. గుడ్డ తిప్పి చూడండి, అచ్చు అద్దకమైతే రంగు వెనక్కి దిగి ఉంటుంది. దిమ్మకూ దిమ్మకూ మధ్య అతుకు సన్నగా కనిపిస్తుంది. పది పువ్వులు గీత తేడా లేకుండా ఉన్నాయంటే చెయ్యి తగలలేదని అర్థం. ఉతకడానికి కుంకుడు రసం చాలు.

ఇంగ్లిష్ పల్లె గదుల్లో పూల మీద పూలు, కుచ్చులు, మందపు తివాచీ ఉంటాయి. అవన్నీ చలి ఆపడానికి. మన పడకగదిలో అవి దుమ్మునూ తేమనూ మోస్తాయి. పెద్ద పువ్వు ఒక్క కర్టెన్లకే ఉండనివ్వండి. కుర్చీల దిండ్లకు మన మద్రాసు గళ్ల గుడ్డ వేయించండి. పువ్వు పక్కన గళ్లు పెట్టడం ఆ దేశపు ఇళ్లలోనూ ఉన్నదే. ఇంకొక్క మాట. ఎప్పుడైనా చింతాద్రిపేట మీదుగా వెళితే గుర్తు చేసుకోండి, ఆ పేట 1734లో కంపెనీవాళ్లు నూలు వడికేవాళ్లనూ, నేతగాళ్లనూ, అద్దకంవాళ్లనూ తెచ్చి నిలిపిన ఊరు. తమిళంలో తరి అంటే మగ్గం, చిన్న తరి పేట అన్నదే చింతాద్రిపేట అయింది. ఆ బట్ట మన ఊరి నుంచి కూడా ఓడ ఎక్కింది.

ప్రశ్న: సేలైయూరులో ఒక గ్రౌండు స్థలంలో ఇల్లు కడుతున్నాం. మొరాకో వెళ్లినప్పుడు మరాకేశ్‌లో ఒక రియాద్‌లో రెండు రాత్రులు ఉన్నాం. అలా మధ్యలో ఆకాశం, చుట్టూ గదులు, నడుమ ఫౌంటెన్, నేలకు ఆ రంగురాళ్లు, స్నానాల గదికి అక్కడి తడలాక్త్ పూత కావాలని ఉంది. మేస్త్రి వానకు భయపడి పైన పాలికార్బొనేట్ షీటు వేయమంటున్నారు. ప్లాను చూసి మా నాన్నగారు "ఇది మన మండువా లోగిలే కదా" అన్నారు. మొరాకో, ఆంధ్ర, మధ్యలో మేస్త్రి చెప్పే చెట్టినాడు రాళ్లు, ఇన్ని కలిస్తే ఇల్లు కలగాపులగం కాదా?
— ఒక పాఠకుడు, తూర్పు తాంబరం

జవాబు: మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. రియాద్ అన్న అరబ్బీ మాటలో ఉన్నది తోట. వీధికి గోడ చూపించి, లోపల ఆకాశాన్ని పెట్టుకోవడం రెండిళ్లకూ ఒకటే. తేడా అంతా వానలో ఉంది. మరాకేశ్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 250 మిల్లీమీటర్ల ప్రాంతం. చెన్నైలో సుమారు 1,400. అందులోనూ పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కుమ్మరిస్తుంది. అందుకే రియాద్‌లో కప్పు చదును, మండువాలో పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలుతుంది, చుట్టూ స్తంభాల వసారా ఉండి గదుల గుమ్మాలను జల్లు నుంచి కాస్తుంది. మరాకేశ్ నుంచి అందం తెచ్చుకోండి, కప్పు వాలు మాత్రం మీ నాన్నగారి ఊరి నుంచి తెచ్చుకోండి.

కొలతలు చెబుతాను. 2,400 చదరపు అడుగుల స్థలంలో నడిమి ముంగిలి పదడుగులకు పదడుగులు ఉండాలి. ఎనిమిది కంటే తగ్గితే అది బావిలా చీకటి పడుతుంది. వసారా కనీసం నాలుగున్నర అడుగులు. ముంగిలి నేల చుట్టుపక్కల నేల కంటే ఒక మెట్టు లోతు ఉండాలి, నీరు పోవడానికి తూములు రెండు, ఎదురెదురు మూలల్లో. ఒకదానికి వేపాకు అడ్డుపడిన రాత్రి రెండోది ఇంటిని కాపాడుతుంది. ఆ రెండూ వాననీటి గుంటకు కలపండి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి కనుక ఆ గుంట మీరు ఎలాగూ తవ్వుతారు.

షీటు మూసి వేస్తే ముంగిలి పొయ్యి అవుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతేనే గదుల్లోకి కొత్త గాలి వస్తుంది, ముంగిలికి ఉన్న పనే అది. వేసి తీరాలంటే కప్పు కంటే రెండడుగులు ఎత్తులో, నాలుగు వైపులా తెరిచి, దోమల జాలీ కట్టి వేయించండి. దొంగల భయానికి గ్రిల్ పెట్టేటప్పుడు జింకు పూత వేయించండి, ఉప్పుగాలి మన ఊళ్లో వట్టి ఇనుమును వదలదు.

ఫౌంటెన్ గురించి మీకు నచ్చని మాట చెప్పక తప్పదు. మరాకేశ్ గాలి పొడిగా ఉంటుంది, నీటి తుంపర ఆవిరవుతూ గదిని చల్లబరుస్తుంది. చెన్నైలో మిగిలేది చప్పుడూ దోమలూ. డెంగీ దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. లోతు తక్కువ రాతి తొట్టి ఒకటి పెట్టుకుని, నాలుగు రోజులకొకసారి పూర్తిగా వంపి కడగండి. పక్కన తులసికోట ఉంటే మీ ఇంట్లో రోజూ ఒకరు అక్కడికి వస్తారు, తొట్టి సంగతి కూడా చూస్తారు.

మీకు నచ్చిన రంగురాళ్లను జెల్లీజ్ అంటారు. ఫెజ్ నగరం వాటికి పేరు. కాల్చి మెరుగు పెట్టిన మట్టి పలకలను చిన్న సుత్తితో ఒక్కొక్క ముక్కగా చెక్కి, బోర్లా పేర్చి అతుకుతారు. వాటిని తొట్టి అంచుకు, మెట్ల నిలువు పలకలకు వాడండి. నేల మాత్రం అత్తంగుడి వాళ్ల చేతిలో పెట్టండి, మీ మేస్త్రి చెప్పే చెట్టినాడు రాళ్లు అవే. కారైకుడి దగ్గరి ఆ ఊళ్లో గాజు పలక మీద లోహపు అచ్చు పెట్టి, రంగు కలిపిన సిమెంటు గడులుగా పోసి, వెనక ఇసుక, సిమెంటు నింపి, నీళ్లలో నానబెట్టి చేస్తారు. బట్టీ లేదు. గాజు ఇచ్చిన నునుపు మీద మనుషుల పాదాలు తిరిగేకొద్దీ మెరుపు ఎక్కుతుంది. కొత్తలో కొబ్బరినూనె చుక్కలు వేసిన గుడ్డతో తుడవండి.

ఒక్క జాగ్రత్త మాత్రం బతిమాలి చెబుతున్నాను. గృహప్రవేశం ముందు రోజు నేల మీద సిమెంటు మరకలు పోవడానికి యాసిడ్ పోసి కడగడం మన దగ్గర అలవాటు. ఎనిమిదేళ్ల కిందట నేను ఊళ్లో లేని పూట, నేను చేస్తున్న ఇంట్లో అదే జరిగింది. 600 చదరపు అడుగుల అత్తంగుడి నేల తెల్లబడి గరుకెక్కింది. ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాట అనలేదు. మెట్టు మీద కూర్చుని నేలను చూస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి నేల పరిచిన రోజే తమిళంలో నా చేత్తో కాగితం రాసి నాలుగు గోడలకూ అంటిస్తాను. మీరూ అంటించండి.

స్నానాల గదికి తడలాక్త్ అడిగారు. మరాకేశ్ సున్నాన్ని రాతితో రుద్ది, ఆలివ్ సబ్బు పట్టించి నీరు దిగకుండా చేసే పూత అది. మనకు గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్ల గచ్చు ఉండేది. చెట్టినాడులో కోడిగుడ్డు తెల్లసొన కలిపి గోడను పాలరాయిలా నున్నగా తీసేవారు. చేయగల మేస్త్రీలు కారైకుడి వైపు ఇంకా ఉన్నారు, పిలిపించండి.

కలగాపులగం మాటకు కూడా అక్కడే జవాబు ఉంది. చెట్టినాడు వర్తకులైన నగరత్తార్ చెట్టియార్లు బర్మా నుంచి టేకు, ఇటలీ నుంచి పాలరాయి, బెల్జియం నుంచి అద్దాలు, జపాన్ నుంచి పింగాణీ పలకలు తెచ్చుకుని ఒకే ఇంట్లో పెట్టారు. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకే వరసలో ముంగిళ్లు ఉన్నాయి కనుక అన్నీ దాంట్లో ఒదిగాయి. ఒక పని చేయండి. ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే మ్యూజియానికి మీ నాన్నగారిని తీసుకెళ్లండి. విప్పి తెచ్చి తిరిగి నిలబెట్టిన చెట్టినాడు ఇల్లు అక్కడ ఉంది. పొద్దున కాదు, మిట్టమధ్యాహ్నం వెళ్లండి. వసారాలో పావుగంట ఊరికే కూర్చుని గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూడండి. ప్లాను మీద సంతకం ఆ తరువాత.

ప్రశ్న: షోళింగనల్లూరులో ఒక గది, వంటిల్లు అద్దెకు తీసుకున్నాను. ఇంటి యజమాని మేకు కొట్టనివ్వరు. జపాన్ పద్ధతిలో తతామి చాపలు తెప్పించి నేల మీదే పడుకోవాలని ఉంది. మంచిదేనా?
— ఒక పాఠకుడు

జవాబు: బాబూ, తతామి వద్దు. అయిదారు సెంటీమీటర్ల మందం, లోపల గడ్డి. నేను 2009లో ముచ్చటపడి రెండు తెప్పించుకున్నాను. నవంబరు వానల్లో కింది వైపు బూజు పట్టి, నాకు నెలరోజులు దగ్గు పట్టింది. తిరునల్వేలి దగ్గరి పత్తమడై చాప కొనుక్కో. కోరై గడ్డితో అల్లుతారు, మన తుంగచాపకు దగ్గరి చుట్టం. పొద్దున చుట్టి నిలబెడితే రెండు వైపులా గాలి ఆడుతుంది. దాని మీద పలచటి బూరుగు దూది పరుపు.

జపాన్ ఇంట్లో గుమ్మం లోపల, ఇంటి నేల కంటే ఒక మెట్టు దిగువన చెప్పులు విడిచే చోటు ఉంటుంది, దాన్ని గెంకాన్ అంటారు. నీకు మెట్టు లేకపోయినా, గుమ్మం లోపల రెండడుగుల నేలను ఒక చెక్క పలకతో వేరు చేసి, అది దాటి చెప్పులు రాకుండా చూసుకో. గోడకు ఏమీ కొట్టకుండానే గది సగం మారిపోతుంది. మిగిలిన డబ్బు ఇంటికి పంపు.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. నా భార్య పోయి మూడేళ్లయింది. కొడుకు, కోడలు ఇల్లు మళ్లీ చేయిస్తున్నారు, మినిమలిజం అట. జపాన్ ఇళ్లలో వస్తువులే ఉండవని, హాలంతా ఖాళీగా ఉండాలని చెబుతున్నారు. పిల్లలు మంచివాళ్లు, నన్ను అడగకుండా ఏదీ పడేయరు. కానీ ఆవిడ బొమ్మల కొలువు పెట్టెలు మూడున్నాయి. కొండపల్లివి, కోసపేట మట్టి బొమ్మలు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న తిరుపతి ఎర్రచందనం జంట. అవి ఎక్కడికి పోవాలి? వాళ్ల ముచ్చటకు నేను అడ్డం కాదలచుకోలేదు.
— ఒక పాఠకుడు, నంగనల్లూరు

జవాబు: అయ్యా, మీ పిల్లలు చూసిన ఫోటోలో కనిపించనిది ఒకటి ఉంది. జపాన్‌లో పాత సంపన్న కుటుంబాల ఇళ్లకు పక్కనే మందపు మట్టిగోడల కొట్టు ఒకటి ఉండేది, దాన్ని కురా అంటారు. నిప్పు అంటుకోకుండా కట్టేవారు. తాతల నాటి బొమ్మలు, చిత్రపటాలు, పాత్రలు అన్నీ అందులో చెక్కపెట్టెల్లో ఉండేవి. హాలులో తోకొనోమా అనే గూడు ఒకటి. ఏ రుతువుకు తగినది ఆ రుతువులో కొట్టులోంచి తీసి ఆ గూటిలో పెట్టేవారు, రుతువు మారగానే దాన్ని లోపల పెట్టి మరొకటి తీసేవారు. ఆ గది ఖాళీగా ఉన్నది వచ్చే వస్తువుకు చోటు ఇవ్వడానికే.

మీ భార్య చేసింది అదే కదా. ఏడాదంతా పాత చీర ముక్కల్లో చుట్టి నిద్రపుచ్చి, పండుగకు లేపి మెట్ల మీద నిలబెట్టారు. ఈ మాట మీ కోడలికి చెప్పండి, ఆ అమ్మాయికి తప్పకుండా అందుతుంది.

ఇక వాళ్ల డిజైనర్‌కు ఇవ్వవలసినవి. హాలు గోడలో రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు గూడు ఒకటి, పైన కనిపించకుండా ఒక చిన్న దీపం. అందులో నెలకు ఒక్క బొమ్మ. పెట్టెల కోసం మీ గదిలో నేలకు అడుగు ఎత్తున అర చేయించండి, కింద నుంచి గాలి ఆడాలి. కొండపల్లి బొమ్మలు మెత్తటి పొణికి చెక్కవి, పురుగు త్వరగా పడుతుంది. ఎండిన వేపాకు మూటలు వేసి, వానలు వెళ్లాక ఒక పూట నీడలో ఆరబెట్టండి. మట్టి బొమ్మలను తడిగుడ్డతో తుడవకండి, మెత్తటి కుంచె చాలు.

హాలులో కూర్చోవడానికి సోఫాకు బదులు పొట్టి బెంచీలు వేయిస్తున్నారని రాశారు. అవి ఒకే పొడవుతో, ఒకదాని కంటే ఒకటి కాస్త ఎత్తు తేడాతో అయిదు చేయించమనండి. మామూలు రోజుల్లో గది చుట్టూ ఉంటాయి, పండుగ నాడు దగ్గరకు జరిపితే అయిదు మెట్ల కొలువు. హాలు పొడవు, వెడల్పు నాకు రాసి పంపండి, బెంచీల బొమ్మ గీసి పంపుతాను. గూటిలో మొదటి నెల తిరుపతి జంటను పెట్టండి.